పాత ఫోర్ బై ఫోర్ పికప్‌కి యాక్సిల్ కొనే ముందు, టేపు తీస్కుని బండి కిందకి దూరు

తమ్ముడూ, నువ్వు అడిగింది రెండుసార్లు చదివా. నాకు అర్థమైంది మళ్ళీ చెప్తా, తేడా ఉంటే సరిచెయ్యి. 1996 మహీంద్రా పికప్, జీపు ముఖం, ముందూ వెనకా కమాన్ కట్టలే, ఫోర్ బై ఫోర్ బానే పడుతోంది. ఫిరంగిపురం అవతల చేలో నుంచి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తోలతావు, ఖాళీ దొరికితే కొండవీడు పక్కన రాళ్ళ దారుల్లో వాగుల్లో తిప్పుతావు. పోయిన నెల వాగు గట్టు ఎక్కుతుంటే వెనక ఎడమ పక్క యాక్సిల్ షాఫ్ట్ తెగింది, అంతకుముందే అదే పక్క ఆయిల్ సీలు మూడుసార్లు మార్పించావు, 50-60 స్పీడులో వెనక నుంచి ఊళ వస్తోంది. ఇప్పుడు 31 అంగుళాల టైర్లు కూడా వేద్దామని ఉంది. మీ మెకానిక్ బొలెరో యాక్సిల్ వేసేద్దాం అంటున్నాడు, హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర బయట దేశం నుంచి వచ్చిన డానా 60 అనే పెద్ద యాక్సిల్ ఉందంట, ఏది వేస్కోవాలన్నా అన్నావు.

నా మాట ముందే చెప్పేస్తా, రెండూ వద్దు. నీ బండికి వచ్చిన రకం యాక్సిల్‌నే, అంటే డానా 44నే, వంకర లేని హౌసింగ్‌తో (షాఫ్టుల్ని కప్పే బయటి ఇనప ట్యూబులూ మధ్య గుండూ), ముందు యాక్సిల్‌తో కలిసే రేషియోతో కట్టించుకో. రేషియో అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి, ఇంజన్ బలాన్ని యాక్సిల్‌కి తెచ్చే పొడుగు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క. ఎందుకంటే గట్టి యాక్సిల్ కంటే నీ బండి కింద సరిగ్గా కూర్చునే యాక్సిల్, రేపొద్దున సీలో బేరింగో పోతే మధ్యాహ్నానికి ఆటోనగర్‌లో దొరికే యాక్సిల్ నీకు ఎక్కువ పనికొస్తది. మాది విజయవాడ ఆటోనగరే, మా నాన్న లేత్ మిషన్ పక్కనే పెరిగా, 26 ఏళ్ళుగా జీపుల కిందే పడుకుంటున్నా, కాబట్టి ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగానే చెప్తా, ఓపిగ్గా చదువు.

తెగిన షాఫ్ట్ ముక్క పారేశావా? పారేయకపోతే దాన్ని డీజిల్‌తో కడిగి, తుడిచి, ఎండలో పట్టుకుని తెగిన చోటు చూడు. ఆ మొహం మీద ఒక అంచు నుంచి మొదలై ఆల్చిప్ప మీద గీతల్లాగా వరసగా వంపు గీతలు కనపడి, ఆ భాగం నున్నగా ఉండి, మిగతా కొంచెం మాత్రం గరుకుగా బూడిద రంగులో ఉంటే అది ఆ రోజు వాగులో తెగింది కాదు, ఎన్నో నెలల క్రితమే చిన్న పగులు పుట్టి రోజూ కొంచెం కొంచెం పాకి ఆ రోజు చివరి దారం తెగిందన్నమాట. అట్టా కాకుండా షాఫ్ట్ చివర ఉండే స్ప్లైన్ పళ్ళు తాడు పేనినట్టు మెలి తిరిగి తెగితే అది ఒక్కసారి పడిన టార్క్ వల్ల, అంటే లో రేంజ్‌లో ఫస్ట్ గేర్ వేసి చక్రం రాయికి ఇరుక్కుంటే క్లచ్ టక్కున వదిలిన పని. ఇంకోటి, ఎక్కడ తెగిందో కూడా చూడు, లోపల మధ్యలో డిఫరెన్షియల్ గుండు దగ్గరా, బయట చక్రం బేరింగ్ దగ్గరా? బయట బేరింగ్ దగ్గర ఆల్చిప్ప గీతలతో తెగితే అది మెలి తిరిగి తెగింది కాదు, వంగి వంగి అలిసిపోయి తెగింది, దానికి కారణం ఎక్కువ లోడో, హౌసింగ్ వంకరో, రెండూనో. టిక్కీ ఒకటి 40 కిలోలు పైనే, 30 టిక్కీలు వేస్తే 1200 కిలోలు దాటింది, పైన కూలీలు ఎక్కుతారు, దాంతో పొలం గట్టు దిగుతుంటే బరువంతా ఒక్క చక్రం మీదకి ఒరుగుద్ది. నీది ఏ రకంగా తెగిందో తెలీకుండా కొత్త యాక్సిల్ కొంటే అదే జబ్బు కొత్త యాక్సిల్‌కీ వస్తది.

సీలు మూడుసార్లు పోవడం అనేది సీలు తప్పు కాదు. దీనికి నాకు తెలిసి మూడు కారణాలు. మొదటిది బ్రీదర్. హౌసింగ్ మీద చిన్న బొడిపె లాగా ఉంటది, మన నల్లరేగడి బురద దాని మీద పడి ఎండిపోతే సిమెంటు లాగా గడ్డకడతది. బండి తిరిగితే లోపల ఆయిల్ వేడెక్కి గాలి వ్యాకోచిస్తది, పోవడానికి దారి లేక ఏ సీలు బలహీనంగా ఉంటే దాన్ని తోసుకుని ఆయిల్ బయటకొస్తది. అదే బండి వాగులో దిగితే వేడి హౌసింగ్ ఒక్కసారి చల్లబడి లోపలకి పీలుస్తది, అప్పుడు అదే సీలు సందులో నుంచి నీళ్ళు లోపలకి పోతాయి. రెండోది షాఫ్ట్ మీద సీలు తిరిగే చోట వేలి గోరుకి తగిలే గాడి పడటం, దానికి స్లీవ్ వేయించాలి గానీ ఎన్ని సీళ్ళు మార్చినా ఆగదు. మూడోది ఎడమ ట్యూబు వంగి ఉండటం. సీలు పోయిందీ ఆ పక్కే, షాఫ్ట్ తెగిందీ ఆ పక్కే కాబట్టి నా అనుమానం ఎక్కువ దీని మీదే.

వంకర ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు. చదునైన సిమెంటు నేల మీద బండి నిలబెట్టి, వెనక రెండు టైర్లకీ ముందు వైపున, హబ్బు మధ్య ఎత్తులో, చాక్‌తో గీత పెట్టు. ఆ గీతకీ ఈ గీతకీ మధ్య దూరం కొలువు. తర్వాత బండిని నెట్టి చక్రం సరిగ్గా సగం చుట్టు తిప్పు, గీతలు ఇప్పుడు వెనక వైపుకి వస్తాయి, మళ్ళీ అదే ఎత్తులో కొలువు. వెనక చక్రాలకి స్టీరింగ్ లేదు గదా, రెండు కొలతలూ ఒకటే రావాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వదిలెయ్, ఐదారు వస్తే ట్యూబు వంగినట్టే. అలాగే మేస్త్రీల దగ్గర ఉండే తూకం గుండు దారం టైరు పక్కన వేలాడదీసి చూడు, చక్రం పైభాగం లోపలకి ఒరిగితే లోడుకి హౌసింగ్ మధ్యలో నుంచి కిందకి వంగింది. ఇది తేలితే నీ సగం ప్రశ్నకి జవాబు వచ్చినట్టే, వంగకపోతే నీ హౌసింగ్ బంగారం, దాన్ని వదలొద్దు.

ఇక ఊళ. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చి, వదలగానే తగ్గితే క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ లోపల కలిసి తిరిగే పెద్ద, చిన్న పళ్ళ చక్రాలు) పళ్ళ అరుగుదల. వదిలినప్పుడు ఎక్కువైతే పినియన్ బేరింగ్ లూజు. తొక్కినా వదిలినా ఒకటే మోత ఉండి, బండి కుడికీ ఎడమకీ ఊపితే మారితే అది చక్రం బేరింగ్, డిఫరెన్షియల్‌తో సంబంధమే లేదు. కదిలేటప్పుడు టక్ మంటే మొదట ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర్లలో మడత జాయింట్లుగా ఉండే క్రాసులు చూడు. ఒక్క క్రాసుకి పోయేదానికి మొత్తం యాక్సిల్ దించిన బండ్లు మా వీధిలో చాలా చూశా, ఆ ఓనర్ల మొహాలు చూస్తే బాధేస్తది.

సరే, యాక్సిల్ మార్చాల్సిందే అని తేలిందనుకో. అప్పుడు మొదటి ప్రశ్న యాక్సిల్ ఏదీ అని కాదు, టైరు ఎంతా అని. నువ్విప్పుడు 235/75 ఆర్ 15 మీద ఉన్నావనుకుంటా, దాని ఎత్తు 733 మిల్లీమీటర్లు. 31 అంగుళాలంటే 787. అంటే 7 శాతం పైన పెద్దది, ఆ మేరకు నీ గేరింగ్ పొడవైపోద్ది, 4.88 రేషియో ఉన్న బండి 4.55 ఉన్నట్టు లాగుద్ది. ఇప్పుడున్న టైరుతో టాప్ గేర్ డైరెక్ట్ అనుకుంటే 60 స్పీడులో చక్రం నిమిషానికి 434 చుట్లు తిరుగుద్ది, 4.88 ఉంటే ఇంజన్ 2120 దగ్గర, 3.73 ఉంటే 1620 దగ్గర తిరుగుద్ది. హైవే మీద 3.73 హాయిగానే ఉంటది, ఇంజన్ అరుపు తగ్గుద్ది, నేను కాదనను. కానీ అదే 3.73కి 31 టైరు వేసి, 1200 కిలోలు ఎత్తి, నల్లరేగడి దిగుబాటులో నుంచి బండి ఎక్కించు చూద్దాం, క్లచ్ వాసన యార్డు దాకా వస్తది. నీ ఇంజన్ కింద ఆర్‌పీఎంలో లాగే పాతరకం డీజిల్, దానికి గేరింగే బలం. కాబట్టి నీ పనికి 4.88 చాలా చక్కటి రేషియో, 4.27 ఉంటే సరిపెట్టుకోవచ్చు, 3.73 మాత్రం వద్దు.

నీ బండిలో ఇప్పుడు ఏముందో తెలుసుకోవడం తేలిక. వెనక ఒక చక్రం జాకీ ఎత్తు, రెండోది నేల మీద కదలకుండా రాళ్ళు అడ్డం పెట్టు, గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వదిలెయ్. ఎత్తిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అంతే నీ రేషియో. ఐదు చుట్లకి కాస్త తక్కువైతే 4.88, నాలుగుంపావు అయితే 4.27, మూడు ముప్పావు అయితే 3.73. కవరు విప్పితే ఇంకా కచ్చితం, క్రౌన్ అంచు మీద పళ్ళ లెక్క కొట్టి ఉంటది, 39-8 అంటే 4.88, 47-11 అంటే 4.27, 41-11 అంటే 3.73, 43-8 అంటే 5.38. అది కనపడకపోతే పళ్ళు లెక్కపెట్టి భాగించు.

ఇప్పుడు అసలు విషయం, దీనికోసమే ఇంత పెద్దగా రాస్తున్నా. ముందు యాక్సిల్ రేషియో, వెనక యాక్సిల్ రేషియో ఒకటే అయి తీరాలి. నీ ట్రాన్స్‌ఫర్ కేస్‌లో, అంటే గేర్ బాక్స్ నుంచి బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టెలో, మధ్యలో డిఫరెన్షియల్ లేదు, ఫోర్ వీల్ వేశావంటే ముందు వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ ఒకే స్పీడులో తిరగాల్సిందే. ముందు 4.88 ఉండి వెనక 3.73 వేస్తే, వెనక చక్రాలు 100 అడుగులు పోయేలోపు ముందు చక్రాలు 76 అడుగులే పోవాలనుకుంటాయి. మిగిలిన 24 అడుగులు ఎక్కడికి పోతాయి? బురదలో అయితే టైరు జారి సర్దుకుంటది, గట్టి నేల మీద అయితే షాఫ్టులు మెలిపడి, లివర్ ఇరుక్కుపోయి, చివరికి ట్రాన్స్‌ఫర్ కేస్ గేరో ముందు జాయింటో పగులుద్ది. దీంట్లో ఉన్న మోసం ఏందంటే టూ వీల్‌లో నడిపినంత కాలం ఏమీ తెలీదు, ఆరునెలలు బానే తిరుగుద్ది, నీకు ఫోర్ వీల్ ప్రాణం మీదకి వచ్చినప్పుడే బయటపడుద్ది. 4.09, 4.10 లాంటి చుక్క తేడా పర్లేదు, అంతకు మించి వద్దు. మీ మెకానిక్ బొలెరోది అన్నప్పుడు ఆయన్ని ఈ ఒక్కటి అడుగు, రేషియో ఎంత, ముందుది ఎట్టా కలుపుతావు అని.

బొలెరో దానితో ఇంకో చిక్కు. పాత జీపు వంశం బండ్లలో, విల్లీస్ అనే పాత అమెరికా జీపు నుంచి వచ్చిన స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటే, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ బండి మధ్యలో నుంచి రాదు, కుడి పక్కకి జరిగి వస్తది. అందుకే వెనక డిఫరెన్షియల్ గుండు కూడా మధ్యలో కాకుండా కుడి పక్కకి ఉంటది, ముందుది కూడా అదే పక్క. దాని కింద గుండు మధ్యలో ఉండే యాక్సిల్ తెచ్చి పెడితే ప్రొపెల్లర్ షాఫ్ట్ పక్కకి వాలి తిరుగుద్ది, మీద నుంచి కిందకి ఉన్న వాలుకి ఇది తోడై క్రాసులు నెలనెలా తింటది, 60 దాటితే కాళ్ళ కింద వణుకు. కాబట్టి ముందు బండి కింద పడుకుని షాఫ్ట్ తిన్నగా పోతోందా, కుడికి ఉందా చూడు. కుడికి ఉంటే గుండు కుడికి ఉన్న యాక్సిలే వెతుక్కో, మధ్యకి ఉంటే నీకు వెతుక్కోడానికి చోటు ఎక్కువ.

టేపు కొలతలు రాస్కో. చక్రం అతుక్కునే మొహం నుంచి అటు పక్క మొహం దాకా ఒకటి. కమాన్ కట్ట కూర్చునే మెట్టల మధ్య నుంచి మధ్య దాకా ఒకటి. పినియన్ మధ్య నుంచి కుడి మెట్ట దాకా, ఎడమ మెట్ట దాకా. ట్యూబు లావు, ఎందుకంటే యూ బోల్టులు దాని మీద ఆధారపడతాయి. తర్వాత చక్రం బోల్టుల కొలత, పాత మహీంద్రాలకి ఐదు బోల్టులు 139.7 మిల్లీమీటర్ల వృత్తం మీద ఉంటాయి, ఐదు బోల్టులకి ఎదురెదురు కొలవడం కుదరదు కాబట్టి పక్కపక్క రెండు బోల్టుల మధ్య నుంచి మధ్యకి కొలిచి 1.7తో గుణించు, 82 మిల్లీమీటర్లు వస్తే అదే. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు, హైలక్స్, డీ-మ్యాక్స్ లాంటి వాటికి కూడా 139.7 అని విని కొనేస్తారు, అవి ఆరు బోల్టులవి, నీ రిమ్ములు ఎక్కవు. ముందు ఐదు వెనక ఆరు అయితే స్టెప్నీలు రెండు మోయాలి.

షాఫ్ట్ ఏ రకమో కూడా తేల్చుకోవాలి, నీలాగా లోడు తోలేవాళ్ళకి ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. చక్రం మధ్యలో పెద్ద నట్టు, దానికి కాటర్ పిన్ను ఉంటే అది టేపర్ షాఫ్ట్, హబ్బు ఒక కీ మీద కూర్చుని ఉంటది, దాన్ని విప్పాలంటే పుల్లర్ కావాలి, చివర సుత్తితో బాదితే లోపల బేరింగ్ పోతది. చక్రం బోల్టులు నేరుగా షాఫ్ట్ మొహానికే ఉంటే అది సెమీ ఫ్లోటింగ్‌లో రెండో రకం. ఈ రెండిట్లోనూ బండి బరువు షాఫ్టే మోస్తది, బయట తెగితే చక్రం షాఫ్ట్‌తో సహా బయటకొచ్చేస్తది. చక్రం మధ్యలో హబ్బు ముందుకి పొడుచుకొచ్చి దాని చుట్టూ చిన్న బోల్టులు వరసగా ఉంటే అది ఫుల్ ఫ్లోటింగ్, బరువు హౌసింగ్ మోస్తది, షాఫ్ట్ పని తిప్పడం వరకే. ఒకసారి మేం నలుగురం రెండు జీపుల్లో మాచర్ల అవతల ఏటి ఒడ్డున ఉండగా ఒకదానికి వెనక షాఫ్ట్ లోపల తెగింది. అది ఫుల్ ఫ్లోటింగ్. చుట్టూ ఉన్న బోల్టులు విప్పాం, రెండు షాఫ్టులూ లాగేశాం, ఆ రంధ్రాలకి పాలిథీన్ కవరు మడిచి రబ్బరు ట్యూబు ముక్కతో కట్టేశాం, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి ట్రాలీలో వేశాం, ఫోర్ వీల్ లివర్ వేసి ముందు చక్రాలతోనే నెమ్మదిగా గుంటూరు వచ్చేశాం. దారంతా నలభై దాటలేదు, కానీ మా కాళ్ళ మీద మేం వచ్చాం. సెమీ ఫ్లోటింగ్ అయ్యుంటే చక్రం ఏట్లో వెతుక్కునేవాళ్ళం. కాబట్టి నీకు కుడి గుండుతో, సరైన రేషియోతో ఫుల్ ఫ్లోటింగ్ హౌసింగ్ దొరికితే కాస్త ఎక్కువైనా తీస్కో, ఆ ఒక్క దానికి నీ పాతది మార్చడం న్యాయమే.

పాత సామాన్ల కొట్లో యాక్సిల్ చూసేటప్పుడు రంగు చూసి మోసపోకు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు అంతా మునిగింది నీకు తెలిసిందే, రోజుల తరబడి బండ్లు నీళ్ళలో ఉన్నాయి, వాటి భాగాలు తర్వాత ఎక్కడెక్కడికో చేరాయి. ఆ ఏడాది చివర్లో ఒక కొట్లో, పేరు వద్దులే, ఒక వెనక యాక్సిల్ చూసి తెచ్చా. పైన తాజా నల్ల రంగు, చేత్తో తిప్పితే నున్నగా తిరిగింది, చప్పుడు లేదు. షెడ్డుకొచ్చి డ్రెయిన్ ప్లగ్ విప్పితే ముందు అరగ్లాసు నీళ్ళు, తర్వాత పాలు ఎక్కువైన టీ రంగులో ఆయిల్ జారింది. కవరు తీసి బేరింగ్ కడిగి చూస్తే, బయట కప్పు లోపలి మొహం మీద రోలర్లు ఎంత దూరంలో ఉంటాయో సరిగ్గా అంతంత దూరంలో నల్లటి అడ్డగీతలు, దువ్వెన పళ్ళ లాగా, సగం చుట్టు వరకే. నీళ్ళు సగం ఎత్తు నిలబడి ఉన్నంత కాలం రోలర్ ఆనిన ప్రతి చోటా తుప్పు తిన్నది. అది బిగిస్తే నెలలోపే ఊళ మొదలయ్యేది. బేరింగులు అన్నీ మార్చా, క్రౌన్ పళ్ళ మీద కూడా చుక్కలు ఉంటే ఆ జత కూడా పక్కన పెట్టేశా, చివరికి నాకు మిగిలింది హౌసింగ్ ఒక్కటే. అందుకని నువ్వు కొట్లోనే ఫిల్లర్ ప్లగ్ విప్పించు, వేలు పెట్టి ఆయిల్ తీసి వాసన చూడు, రంగు చూడు, వేళ్ళ మధ్య రుద్దితే గరుగ్గా ఉందా చూడు. విప్పనివ్వం అంటే అక్కడి నుంచి వచ్చెయ్. ట్యూబు మీద ఎక్కడైనా వెల్డింగ్ మీద రంగు కొట్టి ఉందేమో గోరుతో గీకి చూడు. షాఫ్ట్ బయటకి లాగి స్ప్లైన్ పళ్ళు లెక్కపెట్టు, ఈ డానా 44 వంశంలోనే 10 పళ్ళవి, 19 పళ్ళవి, 30 పళ్ళవి ఉన్నాయి, ఎక్కువ పళ్ళు అంటే లావు షాఫ్ట్, నీ దగ్గర మిగిలిన కుడి షాఫ్ట్ దానికి సరిపోద్దో లేదో అక్కడే తేలుద్ది.

క్రౌన్ ఒక చోట, పినియన్ ఒక చోట మాత్రం కొనకు. రెండిటినీ ఫ్యాక్టరీలో కలిపే రుద్ది జత చేస్తారు, రెండిటి మీదా ఒకే నంబరు ఉంటది, అది కలవకపోతే ఎంత మంచి మెకానిక్ సందు సర్దే సన్న రేకులు, షిమ్ములు, వేసినా మోత పోదు. డానా 44లో ఇంకో మెలిక ఉంది, 3.73 వరకూ ఒక క్యారియర్ (క్రౌన్ బిగించే లోపలి భాగం), 3.92 నుంచి పైకి ఇంకో క్యారియర్. నీ పాతదాంట్లో 3.73 ఉండి 4.88 జత తెచ్చావనుకో, క్రౌన్ పినియన్ దాకా చేరదు, క్యారియర్ కూడా మార్చాలి. 4.27 నుంచి 4.88కి అయితే ఆ బాధ లేదు.

డానా 60 గురించి. మంచి యాక్సిల్, అందులో మాట లేదు. క్రౌన్ 9.75 అంగుళాలు, నీ డానా 44ది 8.5. అమెరికాలో ముప్పావు టన్ను, ఒక టన్ను ట్రక్కుల కింద వచ్చింది, వాళ్ళ పెద్ద పెద్ద ఇంజన్లకీ టైర్లకీ అది కావాలి. నీ లెక్క చూద్దాం, నీ ఇంజన్ 150 న్యూటన్ మీటర్లు ఇస్తుందనుకో, ఫస్ట్ గేర్ 4, లో రేంజ్ 2.46, యాక్సిల్ 4.88, అన్నీ గుణిస్తే 7200 దగ్గర. కాగితం మీద పెద్దగా కనపడుద్ది గానీ అంత టార్క్ చక్రం దాకా చేరేలోపు మట్టిలో టైరు జారిపోద్ది, చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కున్నప్పుడే అది మొత్తం షాఫ్ట్ మీద పడేది. మంచి షాఫ్టులున్న డానా 44 దీనికి చాలు. ఇంకో పక్క, 31 టైరు వేస్తే నీకు కింద ఎత్తు పెరిగేది 27 మిల్లీమీటర్లు, డానా 60 గుండు పెద్దది కాబట్టి అందులో 16 దాకా అదే తినేస్తది. చాలా వాటికి ఎనిమిది బోల్టులు, అంటే రిమ్ములు కొత్తవి. ముందు యాక్సిల్ పాతదే కాబట్టి రేషియో కలపాలి. బేరింగ్ పోతే నంబరు పట్టుకుని వారాలు ఎదురు చూడాలి, మిర్చి సీజన్‌లో బండి వారం ఆగితే నీకెంత నష్టమో నీకే తెలుసు. ఆ హైదరాబాద్ ఆయన్ని వద్దని చెప్పెయ్.

బిగించేటప్పుడు సంగతులు కొన్ని. కమాన్ మెట్టలు కొత్తగా వెల్డింగ్ పెట్టాల్సొస్తే ముందు టాక్ మాత్రమే వేయించు, బండి బరువు నాలుగు చక్రాల మీదా దించి, పినియన్ మొహం వాలు ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఫ్లాంజ్ వాలుకి సమాంతరంగా, ఒకట్రెండు డిగ్రీల లోపు ఉందో లేదో చూశాకే పూర్తి వెల్డింగ్. ఆ వెల్డింగ్ కూడా అంగుళం ఇటు, అంగుళం అటు, చల్లారనిచ్చి, లేకపోతే ఆ వేడికే ట్యూబు వంగుద్ది, వంకర కోసం మార్చి వంకర తెచ్చుకున్నట్టు. యూ బోల్టులు పాతవి మళ్ళీ వాడొద్దు, కొత్తవి వేసి 500 కిలోమీటర్లకి మళ్ళీ బిగించు. క్రౌన్ పినియన్ మధ్య సందు డయల్ గేజ్ పెట్టి చూడమను, 0.15 నుంచి 0.23 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, పళ్ళకి రంగు పూసి ముద్ర పళ్ళ మధ్యలో పడుతోందో లేదో నువ్వు నిలబడి చూడు, చేత్తో ఊపి సరిపోయింది అంటే ఒప్పుకోకు. బ్రేక్ డ్రమ్ములూ వీల్ సిలిండర్లూ పాత సైజే ఉండాలి, వెనక సిలిండర్ పెద్దదైతే ఖాళీ బండికి వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తిరిగిపోద్ది. బ్రీదర్‌కి డీజిల్ పైపు తగిలించి బానెట్ లోపల దాకా లాగి, చివర చిన్న ఫిల్టర్ పెట్టు. ఆయిల్ జీఎల్-5 రకం 90 నంబరు పోసి, మొదటి 800 కిలోమీటర్లు లోడు లేకుండా మెత్తగా నడిపి దాన్ని దింపి కొత్తది పోసెయ్, ఆ దింపిన ఆయిల్‌లో సన్నటి వెండి పొడి కనపడితే కంగారు పడకు, చిప్పలు కనపడితే మాత్రం నాకు చెప్పు.

ఇంకోటి, కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని. నీది లోడు బండి, ఫిట్‌నెస్‌కి నిలబడాలి. అదే రకం యాక్సిల్, అదే బ్రేకులు, అదే వెడల్పు అయితే నువ్వు చేసింది రిపేరు. ఆరంగుళాలు వెడల్పైన యాక్సిల్, ఎనిమిది బోల్టుల చక్రాలు, ఫెండర్ దాటి బయటకొచ్చిన 31 టైర్లు అయితే ఫిట్‌నెస్ దగ్గరా ఇబ్బంది, దేవుడి దయవల్ల జరక్కూడదు గానీ ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా ఇబ్బంది. టైర్ల విషయంలో నా సలహా 235/75 మీదే ఉండి మంచి మడ్ టైర్లు వేస్కోమనే, 31 నీ పనికి అవసరం లేదు, అవి లేకపోతే షాఫ్టుల మీద భారమూ తగ్గుద్ది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, ఆదివారం పొద్దున్నే ఎండ ఎక్కకముందు బండి కింద దూరి బ్రీదర్ విప్పి ఊది చూడు, వెనక టైర్ల మీద చాక్ గీతలు పెట్టి రెండు కొలతలు తియ్యి, ప్రొపెల్లర్ షాఫ్ట్ చుట్లు ముందూ వెనకా రెండిటికీ లెక్కపెట్టు, షాఫ్ట్ తెగిన మొహాన్ని దగ్గర నుంచి ఫోటో తియ్యి. ఆ నాలుగూ నాకు పంపు. ఎడమ ట్యూబు తిన్నగా ఉంటే నీ హౌసింగ్‌లోకే, ముందుదాంతో కలిసేలా చూసుకుని, 4.88 జత, కొత్త బేరింగులు, రెండు పక్కలా కొత్త షాఫ్టులు వేయిద్దాం. వంగి ఉంటే, కుడి గుండు ఫుల్ ఫ్లోటింగ్ హౌసింగ్ ఒకటి మా వెనక వీధిలో చూసిపెట్టా, ఇంకా కవరు విప్పలేదు, నువ్వొచ్చాక నీ ముందే విప్పిద్దాం.